తెర వెనక దుబాసి

1977 నవంబరులో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆడవాళ్ల సర్జికల్ వార్డుకి వార్డు సిస్టర్‌గా వేశారు. అంతకుముందు ఏడేళ్లు ఆపరేషన్ థియేటర్లో పనిచేశాను. అక్కడ రోగి మత్తులో ఉంటాడు, మాట్లాడేది సర్జన్ ఒక్కడే. వార్డులో ఇరవై నాలుగు మంచాలు, ఇరవై నాలుగు నోళ్లు. స్టాఫ్ నర్సులు, ట్రైనింగ్ అమ్మాయిలు, ఆయాలు ఏం చేసినా, చేయకపోయినా వార్డు సిస్టరే మేట్రన్‌కి జవాబు చెప్పుకోవాలి. మేట్రన్ రౌండుకి వచ్చే వేళకి దుప్పటి అంచులు ఒకే వరసలో ఉండాలి, చప్పుడు ఉండకూడదు. ఆ రెండింటినీ నేను ప్రాణంగా పట్టుకున్నాను. అన్నం తినని పిల్లల్ని తల్లులు నా పేరు చెప్పి బెదిరిస్తున్నారని నెల తిరక్కుండానే ఆయా నాకు చెప్పింది. నేనేమీ నొచ్చుకోలేదు. పని జరుగుతోంది కదా అనుకున్నాను.

మూడో నంబరు మంచం మీద పైడితల్లి అనే ఏడేళ్ల పిల్ల ఉండేది. వాళ్లది విజయనగరం వైపు. తండ్రి గోవింద్‌పూర్‌లో ఉంటూ కాంట్రాక్టరు కింద వెల్డింగ్ పని చేసేవాడు. పిల్ల గోడ మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. అప్పట్లో ఆ వయసు పిల్లలకి ట్రాక్షన్ వేసేవాళ్లం. కాలికి అంటుపట్టీలు వేసి, తాడు కట్టి, మంచం చివర చక్రం మీదుగా బరువు వేలాడదీస్తే ఎముక సరిగ్గా నిలిచి అతుక్కుంటుంది. ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలి. పెద్దవాళ్లే విసిగిపోతారు.

ఈ పిల్ల విసగలేదు. ఏమైంది తల్లీ అని ఎవరడిగినా, "సాక్చి బజార్లో కోడిపెట్టలాగ నన్ను తూకానికి ఏలాడదీసినారు. ఇంకా ఎవలూ కొన్లేదు," అనేది. సాయంత్రం నాలుగింటికి వచ్చే చుట్టాలు తమ మనిషిని పలకరించక ముందే మూడో నంబరు దగ్గర ఆగేవాళ్లు. రొమ్ము ఆపరేషనైన ఒక ముసలావిడ తన మంచం ఆ పక్కకి మార్చమని నన్ను బతిమాలింది కూడా. రూల్సు ఒప్పుకోవన్నాను.

ఒకరోజు సర్జన్ గారి పెద్ద రౌండులో ఆయన తాడు బిగువు చూస్తుంటే, తూకంలో మోసం చెయ్యొద్దని పైడితల్లి ఆయన్ని హిందీలో హెచ్చరించింది. వెనకున్న చిన్న డాక్టర్లు ఫక్కున నవ్వారు. వార్డంతా నవ్వింది. సర్జన్ గారూ నవ్వారు గానీ నాకు తల తీసేసినట్టయింది. రౌండు అయిపోగానే చక్రాల తెర తెప్పించి ఆ పిల్ల మంచం చుట్టూ పెట్టించాను. ఆ తెర డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మరుగు కోసం వాడేది. రెండు రోజులు ఉంటుంది, మాట వినిపిస్తే మూడో రోజూ ఉంటుంది అన్నాను. వార్డు నిశ్శబ్దంగా తయారైంది. నాకు తృప్తిగానే ఉందని ఒప్పుకోవాలి.

తెర పెట్టడానికి రెండు రోజుల ముందే నాలుగో నంబరులో నీలవేణి అనే అమ్మాయికి పిత్తాశయం తీసేసే ఆపరేషన్ జరిగింది. ఇచ్ఛాపురం పిల్ల, పెళ్లై ఊళ్లోని కాసిడీహ్‌కి వచ్చి ఏడాది. హిందీ ఇంకా పట్టుబడలేదు. అప్పట్లో ఆ ఆపరేషన్‌కి కుడి పక్కటెముకల కింద జానెడు కోత. ఊపిరి తీస్తే లాగుతుంది, దగ్గితే ప్రాణం పోయినట్టుంటుంది. అందుకని రోగులు పైపైనే ఊపిరి తీస్తారు. అప్పుడు కఫం ఊపిరితిత్తుల్లో అడుగున చేరి, జ్వరం వచ్చి, న్యుమోనియాలోకి దిగుతుంది. దీనికి మందు దగ్గే. గట్టిగా ఊపిరి తీసి, కుట్ల మీద చేతులు ఆనించుకుని దగ్గాలి.

నీలవేణి దగ్గలేదు. మూడో రోజుకి జ్వరం నూట రెండు దాటింది, ముక్కుపుటాలు ఎగరడం మొదలైంది. తోడున్న అత్తగారు అప్పలనరసమ్మ మంచి మనిషే, కోడలి కాళ్లు ఒత్తుతూ కూర్చునేది. కానీ ఆవిడ చెల్లెలికి ఎప్పుడో ఆపరేషనయ్యాక కుట్లు ఊడిపోయి మనిషి దక్కలేదట. "దాన్ని దగ్గనివ్వను సిస్టరమ్మా, నీకు దండం పెడతాను," అంది. నేను తెలుగులోనే, రోగం పేర్లతో సహా వివరించాను. అత్తాకోడళ్లిద్దరూ తల ఊపారు. నేను వెనక్కి తిరగ్గానే మళ్లీ మామూలే. రేపటికి కఫం కదలకపోతే గొట్టం వేసి లాగాలి, ఈ నీరసంలో తట్టుకుంటుందో లేదో చెప్పలేనని డాక్టర్ గారు నాతో విడిగా అన్నారు.

మర్నాడు పొద్దున ఫిజియోథెరపిస్ట్ మిశ్రా గారు వచ్చారు. ఊపిరి కసరత్తులు చేయించడం ఆయన పని. తెలుగు ఒక్క ముక్క రాదు. నీలవేణి మంచం పక్కన నిలబడి, చెయ్యి పైకెత్తి, "సాంస్ అందర్ లో," అన్నారు. హిందీలో సాంస్ అంటే ఊపిరి, సాస్ అంటే అత్త. మనవాళ్ల నోట్లో రెండూ ఒకటే.

తెర వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. "అత్తని లోపలికి తీసుకోమంటన్నాడు పిన్నీ."

నీలవేణి పెదవి కదిలింది. మిశ్రా గారు దీక్షగా, "రోకో," అన్నారు.

"అక్కడే ఆపీమంటన్నాడు."

"ఛోడో."

"ఇంక ఒగ్గీమంటన్నాడు. అత్త బైటికెల్లిపోనాది." మిశ్రా గారు అయిదు వేళ్లూ చూపించి పాంచ్ బార్ అనేసరికి తెర వెనక గొంతు నిట్టూర్చింది. "అయిదుసార్లు ఎల్లి రావాలంట. ముసిల్ది నడవగలదో నేదో."

ఆ గొంతు నోరు మూయించడానికి నేను రెండడుగులు వేశాను కూడా. అప్పటికే నీలవేణికి నవ్వు తన్నుకొచ్చేసింది. ఆపుకోబోయింది, నొప్పి పుట్టింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. మా తెలుగువాళ్లు నవ్వుతుంటే మాట అర్థం కాని పక్క మంచం బెంగాలీ ఆవిడా నవ్వుతోంది. నేను భయపడింది అప్పలనరసమ్మ గురించి. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత లేచి, రెండు అరచేతులూ కోడలి కుట్ల మీద అదిమిపెట్టింది.

"నవ్వీయే అమ్మీ," అంది. "నాను పట్టుకున్నాను కదా."

నీలవేణి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. ఆరో దగ్గుకో ఏడో దగ్గుకో పచ్చటి కఫం ముద్దగా బయటపడింది. మిశ్రా గారు తన కసరత్తే పనిచేసిందని సంతోషించారు. నేను కట్టు విప్పి కుట్లు ఒక్కొక్కటే చూశాను. అన్నీ ఉన్నాయి.

అప్పుడు గమనించాను, తెర వెనక అలికిడి లేదు. వెళ్లి చూస్తే పైడితల్లి దుప్పటి మొహం మీదికి లాక్కుని వణుకుతోంది. తెర అడ్డం కాబట్టి దానికి ఏమీ కనిపించలేదు, పిన్ని దగ్గు, ఏడుపు మాత్రం వినిపించాయి. దుప్పటి తీస్తే బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి.

"నా మూలాన పిన్ని కుట్లు ఊడిపోనాయా సిస్టరమ్మా?" అని అడిగింది.

నాకు సిగ్గేసింది. ఆ మాట ఇన్నేళ్లకి రాస్తున్నాను, అప్పుడు ఎవరితోనూ అనలేదు. లేదమ్మా, నీ వల్లే పిన్నికి తగ్గుతుంది అన్నాను. నమ్మలేదు. నేను అలాంటి మాటలు చెప్పే మనిషిని కానని దానికి తెలుసు. తెరని పక్కకి లాగేశాను. నీలవేణి దిండు మీద తల తిప్పి చెయ్యి ఊపింది. పిల్ల అటు చూసి, ముక్కు తుడుచుకుని, "మరి అత్తని మల్లీ ఎప్పుడు లోపలికి తీసుకోవాలి?" అని అడిగింది. రెండు గంటలకోసారి అన్నాను. ట్రైనింగ్ అమ్మాయిలు చెబుతారు, వార్డులో సిస్టర్ నవ్వడం వాళ్లు మొదటిసారి చూసింది ఆ రోజేనట.

ఆ తర్వాత కసరత్తు అప్పలనరసమ్మే చేయించింది. మూడో నంబరు నుంచి ఆజ్ఞ, నాలుగో నంబరులో అమలు. పక్క మంచాలవాళ్లు కూడా తమ తమ అత్తల్ని లోపలికీ బయటికీ తిప్పారు. ఈ సందడేమిటని మేట్రన్ అడిగితే, చికిత్స జరుగుతోంది మేడమ్ అన్నాను. మర్నాటి సాయంత్రానికి జ్వరం దిగింది. గొట్టం వేయాల్సిన పని రాలేదు. పదో రోజున కుట్లు విప్పాం, నీలవేణి నడిచి ఇంటికి వెళ్లింది.

భయపడిన మనిషికి సూచన చెవికెక్కదు, అది ఏ భాషలో చెప్పినా. ముందు భయం తగ్గాలి. వార్డులో ఆ పని ఎవరి చేతనవుతుందో వాళ్లని చేయనివ్వాలి, వాళ్లకి ఏడేళ్లే అయినా సరే. సిస్టర్ పని అలాంటివాళ్లు ఏ మంచం మీద ఉన్నారో తెలుసుకోవడం. థియేటర్లో గడిపిన ఏడేళ్లలో నాకు ఇది ఎవరూ నేర్పలేదు. నేర్పగలిగిన పిల్లకి నేను తెర అడ్డం పెట్టాను.