దేవుని కడపకు తొమ్మిది మజిలీలు

కార్తీకం చివరి సోమవారం దాటిన మర్నాడు, పొద్దున ఆరుంబావుకు ఓర్వకల్లులో నంద్యాల బస్సెక్కాము. మేమంటే నేనూ, మా పెద్దన్న భార్య రామేశ్వరమ్మ వదినా. వచ్చే మాఘంలో రథసప్తమికి అందేలా మా ఊరి ఆడవాళ్లం ఎనిమిదిమందిమి దేవుని కడపకు నడిచిపోవాలని అనుకున్నాము. రమారమి నూట ఎనభై కిలోమీటర్ల దూరం, పది రోజుల నడక. రాత్రిళ్లు ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ స్నానాలు చేయాలో ముందుగా బస్సులో పోయి చూసి రావడం మా పని.

నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేశాను. మా బడి మైదానం పక్కనే పెద్దరోడ్డు. ఏటా చలికాలంలో పసుపుబట్టలు కట్టుకున్నవాళ్లు గోవిందలు చెప్పుకుంటూ గుంపులుగా దక్షిణం వైపు పోయేవాళ్లు. పిల్లలు కబడ్డీ ఆడుతూ ఉంటే నేను విజిల్ ఊదడం మరిచిపోయి ఆ నడిచేవాళ్ల కాళ్లనే చూసేదాన్ని. కొందరికి చెప్పులు కూడా ఉండేవి కావు. వాళ్లు మలుపు తిరిగి కనబడకుండా పోయాక చాలాసేపు నాకు ఏ పనీ తోచేది కాదు. రిటైరయ్యాక మొదటి పని ఇదేనని అప్పట్లోనే అనుకున్నాను. రిటైరై రెండేళ్లయింది.

ఈ రెండేళ్లలో జరిగింది మోకాలి నొప్పి. మొన్న ఎండాకాలంలో కర్నూలులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, కుడి మోకాట్లో గుజ్జు అరిగిపోయిందన్నాడు. "ఇంట్లో పనులకు తిరుగమ్మా, చాలు. దూరాలు పెట్టుకోవద్దు" అన్నాడు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, వదినకు కూడా. ఈ ప్రయాణంలోనే ఒకచోట ఆరు కిలోమీటర్లు నడిచి చూడాలనీ, మోకాలు ఒప్పుకుంటే మాఘంలో నడవాలనీ నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను.

కండక్టరు మా ఆధార్ కార్డులు చూసి ఉచిత టిక్కెట్లు చించి ఇచ్చాడు.

"యాడికి పోతాండారు ఇంత పొద్దున్నే?"

"కడపకు" అన్నాను. "దారిలో దిగి దిగి పోతాం."

"దిగి దిగి పోతే ఎప్పటికి చేరేది?"

"మాఘమాసానికి" అంది వదిన. అతను నవ్వుకుంటూ ముందుకు పోయాడు.

మొదటి మజిలీ కాల్వబుగ్గ. ఏడు కాకముందే దిగాము. బుగ్గ నీళ్లు ఎండాకాలంలోనూ ఆగవు కాబట్టి స్నానాలకు లోటు లేదు. గుడి దగ్గర వరండా ఒకటి ఉంది. ప్రతి మజిలీలోనూ నేను అడగదలచుకున్నవి నాలుగు. పైన కప్పు ఉందా, తాగే నీళ్లున్నాయా, రాత్రి దీపం ఉంటుందా, మరుగుదొడ్డి ఉందా. ఇదివరకు నడిచిన మగవాళ్ల దగ్గర దారి వివరాల కాగితాలు రెండు మూడు సంపాదించాను. వాటిలో టీ బాగుండే అంగళ్ల పేర్లు కూడా ఉన్నాయి గానీ ఆ నాలుగోదాని మాట ఎక్కడా లేదు.

ఎనిమిదిన్నరకు పాణ్యంలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాము. అక్కడ ఒక కల్యాణమండపం చూసుకునే ఆయన, "మాఘంలో పెండ్లిండ్లు గదమ్మా, ఖాళీ యాడిది?" అన్నాడు. ముహూర్తాల సంగతి నాకు తట్టనే లేదు. నా దగ్గర కబడ్డీ నేర్చుకున్న ఇందిర అదే ఊర్లో కాపురముంటోందని గుర్తొచ్చి వెతుక్కుంటూ పోయాము. చేతికంటిన పిండితోనే వచ్చి నన్ను పట్టుకుంది. "మా మిద్దె మీద ఇరవైమంది పండుకోవచ్చు మేడం. నీళ్లు కూడా నేనే కాంచి పెడతా" అంది. రెండో మజిలీ కుదిరింది.

నంద్యాలలో దిగీ దిగగానే బస చూసుకొని, మళ్లీ ఆళ్లగడ్డ వైపు బస్సెక్కాము. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. వరి కోతలు మొదలయ్యాయి. శనగ మొలకలు అప్పుడే వరుసలు కడుతున్నాయి. ఎడమవైపు నల్లమల నీలంగా మాతోపాటే వస్తోంది. ఈ నేల మీద బస్సులో పోతుంటే, తినాలనుకున్నదాన్ని గాజుపలక వెనక చూస్తున్నట్టే ఉంది.

నాలుగో మజిలీకి శిరివెళ్ల ఇవతల ఒక పల్లెలో దిగాము. ఒంటిగంట దాటింది. అక్కడి గుడి ఒక్క గదంత, దానికీ తాళం. టీ అంగడాయన చర్చి వైపు చెయ్యి చూపించాడు. పాతకాలపు రాతిగోడల చర్చి, పెద్ద ఆవరణ. ఒకామె చీపురుతో వేపాకులు ఊడుస్తోంది. పేరు మార్తమ్మ. కూలిపనికి పోని రోజుల్లో చర్చి శుభ్రం చేస్తుందట. నేను విషయం చెప్పి, "మేము గోవిందలు చెప్పుకుంటూ వచ్చేవాళ్లం. మీకేమైనా ఇబ్బందా?" అని అడిగాను.

ఆమె చీపురు గోడకు ఆనించింది. "నడ్చి నడ్చి వచ్చినోళ్లకు కాళ్లు నొప్పులుంటాయి గదమ్మా. అవి ఏ దేవునివి అని అడుగుతామా? పక్కన పిల్లోళ్ల బడి గది ఉండాది. బాత్రూములు రెండుండాయి, లోపల గొళ్లెం ఉండాది. పాస్టరయ్యను అడిగి చెప్తా ఉండు."

ఫోన్లో అడిగింది. ఆయన సరేనన్నాడు. "ఆదివారం మాత్రం రావాకండి. ఆ పొద్దు జనం శానామంది ఉంటారు" అని హెచ్చరించి, చర్చి మెట్టు మీద కూర్చున్న నా వైపు చూసింది. "నువ్వూ నడుస్తావా టీచరమ్మా?"

"నడుస్తాను" అన్నాను, మోకాలి మీది చెయ్యి తీసేసి.

సాయంత్రం అయిదున్నరకు ఆళ్లగడ్డ చేరి, అక్కడి బస కూడా మాట్లాడుకున్నాము. లాడ్జిలో కింద గదులు ఖాళీ లేవు. పైకి పద్దెనిమిది మెట్లు ఎక్కి పడుకున్నాను.

రెండోరోజు ఆరుకు పది నిమిషాలుండగా ఊరు దాటి చాగలమర్రి వైపు నడక మొదలుపెట్టాము. బస్సులో చూస్తే రోడ్డు అంచులు తెలియవనీ, లారీలు ఎంత పక్కగా పోతాయో కాళ్ల మీద ఉండి చూడాలనీ వదినకు చెప్పాను. అది అబద్ధం కాదు, అయితే నిజమంతా కాదు.

మొదటి రెండు కిలోమీటర్లు ఎలా చెప్పను! సన్నని చలి. మంచులో తడిసిన గడ్డి వాసన. నల్లమల వెనక నుంచి ఎర్రగా వెలుతురు పైకి వస్తోంది. వదిన చేలగట్ల మీద నడిచి నడిచి వచ్చిన నడకతో, చేతులు ఊపకుండా, ముందు పోతోంది. నా చెప్పుల చప్పుడూ ఆమె చెప్పుల చప్పుడూ కొంతసేపు కలిశాయి. ఇన్నేళ్లు దూరం నుంచి చూసిన గుంపులో నేనూ ఉన్నానని మొదటిసారి అనిపించింది. నోట్లో గోవింద నామం దానంతటదే వచ్చింది.

మూడో కిలోమీటరులో మోకాట్లో సూది దిగినట్టయింది. పంటి బిగువున ఓర్చుకున్నాను. నాలుగోది పూర్తి కాకుండానే ఒక కల్వర్టు దగ్గర కాలు నా మాట వినలేదు. గోడ పట్టుకోబోయి జారి కింద కూర్చున్నాను. మోకాలు చూస్తూ ఉండగానే వాచింది. పాలక్యాన్లు కట్టుకున్న మోటారుసైకిలాయన ఆగి, "కదలాకమ్మా, ఆటో పంపిస్తా" అని ముందుకు పోయాడు.

వదిన నా పక్కన కూర్చుంది. "ఎన్నాళ్ల నుంచి ఇది?"

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆమె జాలి పడుతుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఆడోళ్లను అందర్నీ లేపినావు గదా జయా. వాళ్లు ఇండ్లల్లో కొట్లాడి ఒప్పిచ్చుకున్యారు. టీచరమ్మ ఉండాదిలే అని గదా వాళ్ల ధైర్యం! నడిమధ్యన నువ్వు ఇట్ల కూలబడితే వాళ్లు నిన్ను చూసుకోవాల్నా, దేవున్ని చూసుకోవాల్నా?"

"చెప్తే వద్దంటారని..."

"వద్దనే అంటాము."

"నాకు పోవాలనుంది వదినా."

"ఉంటాది. ఉంటే చెప్పొద్దా?"

అంతే. ఆటో రాగానే నా చంక కింద చెయ్యి వేసి ఎక్కించింది.

చాగలమర్రిలో హోటలాయన ఇచ్చిన ఐసుముక్కలు రుమాలులో కట్టి మోకాలికి పెట్టుకొని బస్టాండులో కూర్చున్నాను. వదినే ఊర్లోకి పోయింది. ఆమె చదువుకోలేదు. పొలం పని తప్ప మరొకటి తెలియదు, కొత్తవాళ్లతో మాట్లాడి ఎరగదు. ముప్పావుగంటకు వచ్చి, నా వైపు చూడకుండా, ఎవరో గోడకు చెబుతున్నట్టు చెప్పింది. "కప్పు ఉండాది. నీళ్లుండాయి. లైటుండాది. దొడ్డి ఉండాది గానీ తలుపు సరింగా పడదు, రిపేరు చేపిస్తామన్నారు." నేను రాసుకున్నాను. దువ్వూరులోనూ అంతే. అక్కడ ఆమె నేను అనుకోని అయిదో ప్రశ్న కూడా అడిగి వచ్చింది, మాఘంలో మా వెంట వచ్చే సామాన్ల ఆటో నిలపడానికి చోటుందా అని.

పన్నెండున్నరకు మైదుకూరులో భోజనం. రాగిసంగటి, గోంగూర పప్పు. నేను సరిగా తినడం లేదని చూసి, వదిన తన గిన్నెలోని పప్పు నా సంగటి మీద వంచింది.

మైదుకూరు, ఖాజీపేట బసలు సులువుగానే కుదిరాయి. ఖాజీపేటలో ఎక్కిన బస్సులో బుర్ఖా వేసుకున్న పెద్దావిడ ఒకరు మా పక్కన కూర్చున్నారు. దేవుని కడపకు పోతున్నామంటే ఆమె ముఖం విప్పారింది. "మేమూ ఉగాదికి పోతాము గదా. స్వామిని పెండ్లి చేసుకున్న బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ. బెల్లము, చింతపండు ఇచ్చి వస్తాము" అంది. చెన్నూరు దగ్గర పెన్న వంతెన మీదికి బస్సు రాగానే కిటికీలోంచి చూపించింది. ఇసుకలో నీళ్లు సన్నగా మెరుస్తున్నాయి. "ఈడికి నడ్చి వస్తే ఇంగ వచ్చేసినట్లే."

నేను ఆ వంతెనను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కళ్లతో నడిచాను.

నాలుగు గంటలకు దేవుని కడపలో ఆటో దిగాము. ఊరి నుంచి బయలుదేరేటప్పుడే నేను ఒకటి అనుకున్నాను. ఈసారి బయటినుంచే దండం పెట్టి తిరిగి రావాలి, నడిచి వచ్చిన రోజే లోపలికి పోవాలి. గోపురం ముందర ఆగిపోయాను.

"రా లోపలికి" అంది వదిన.

"నడిచి వచ్చినప్పుడే లోపలికి రావాలనుకున్నా."

వదిన నన్ను నిదానంగా చూసింది. పొద్దున ఉన్న కోపం లేదు. "అయితే ఇంగ ఎప్పటికీ రావు జయా" అంది.

ఆ మాట డాక్టరు చెప్పినప్పుడు నాకు తగల్లేదు. ఇప్పుడు తగిలింది. అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాను. వదిన నన్ను ఊరుకోబెట్టలేదు, పక్కన నిలబడింది. కాసేపటికి నేనే లేచి, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నాను. కడగడానికి ఆ పాదాలకు దుమ్మే లేదు. ఒక్క బొబ్బ కూడా లేని కాళ్లతో స్వామి ముందు నిలబడ్డాను. ఏమీ అడగలేదు. బస్సులో వచ్చాను స్వామీ అని మాత్రం చెప్పుకున్నాను.

మూడోరోజు పొద్దున ఎనిమిదికి బస్సులో ఎర్రగుంట్ల పోయి, అక్కడ నంద్యాల వైపు పోయే రైలు పట్టుకున్నాము. బస్సు కంటే ఆలస్యమే గానీ కాలు చాపుకోవచ్చు. సిమెంటు లారీల బారులు, బూడిదరంగు పట్టిన తుమ్మచెట్లు వెనక్కి పోయాయి. ప్రొద్దుటూరు దాటాక వదిన మాట మొదలుపెట్టింది.

"సామాన్ల ఆటోలో ఒగ మనిషి ఉండాల్నా వద్దా?"

"ఉండాలి."

"ఆ మనిషి మాకంటే ముందు పోయి గది తాళాలు తీపిచ్చాల. నీళ్లు కాంచాల. అన్నానికి ఎసురు పెట్టాల. మార్తమ్మకూ ఇందిరకూ నీ ముఖం తెలుసు. ఊర్లల్లో నువ్వు చూసుకో. దారిలో నేను చూసుకుంటా."

"నాకు నడవాలనుండె వదినా."

"తెల్సు" అంది. నా కాలు తన ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "ఆ పేర్లు వరసగా చెప్పు. కాగితం నాకు చదవను రాదు. నోటికి రావాల" అంది.

చెప్పాను. ఆమె దువ్వూరును చాగలమర్రికి ముందు పెట్టింది. సరిదిద్దితే, "చాగలమర్రి అంటే నువ్వు ఐసు పెట్టుకున్న ఊరు గదా" అని గుర్తు పెట్టుకుంది. జమ్మలమడుగు, సంజామల, కోయిలకుంట్ల దాటాయి. బనగానపల్లె వచ్చేసరికి తడబాటు పోయింది. కాల్వబుగ్గ, పాణ్యం, నంద్యాల, శిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేట. చివర కడప అన్నప్పుడు రెండు చేతులూ జోడించింది.

ఎదురుగా కూర్చున్న ఆమె చాలాసేపటి నుంచి వింటోంది. "ఏందమ్మా అది, పద్యమా?" అని అడిగింది.

"దారి" అంది వదిన.

మాఘంలో ఆడవాళ్లు ఈ దారిన నిశ్చింతగా నడవవచ్చు. కప్పూ నీళ్లూ దీపమూ ఉన్నాయి, గొళ్లెం పడే తలుపులున్నాయి, దాదాపు అన్నిచోట్లా. నేను ఆటోలో ముందు పోయి వాళ్ల కోసం ఎదురు చూస్తాను. వదిన మళ్లీ కాల్వబుగ్గ నుంచి అందుకుంది. కిటికీ అవతల శనగచేల మధ్య బండిబాట ఒకటి రైలుతోపాటు కొంతదూరం వచ్చి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. దాని మీద ఎవరూ లేరు. నాకు దిగి దాని వెంట పోవాలనిపించింది.