గుణశేఖరం ముక్కు

గుడియాత్తంలో అందరూ పొద్దున్నే కాఫీ తాగితే, మెకానిక్ గుణశేఖరం పొగ తాగుతాడు. బీడీ పొగ కాదు, బండి పొగ. స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, షెడ్డు తలుపు తీసి, మొదట వచ్చిన బండిని స్టార్టు చేయించి దాని వెనక గొంతుక్కూర్చుంటాడు. మగ్గాల దగ్గర మిగిలిపోయిన తెల్లగుడ్డ ముక్క ఒకటి పొగగొట్టానికి అడ్డం పెట్టి కళ్ళు మూసుకుంటాడు. తరవాత పూజారి చేతి పువ్వును అందుకున్నంత భక్తిగా ఆ గుడ్డను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గుండెల నిండా పీల్చి, "ఆఁ" అంటాడు. అప్పుడుగానీ భార్య పంకజమ్మ కాఫీ గ్లాసు బయటికి తీసుకురాదు. ముందు తెచ్చినా ప్రయోజనం లేదు. పొగ పడనిదే ఆయనకు కాఫీ దిగదు.

ఎప్పుడూ బండి వెనకే కూర్చోవడం వల్ల ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు. ఒక పెళ్ళిలో, ముప్పై ఏళ్ళుగా స్నేహితుడైన శివప్రకాశం ఎదురుగా వచ్చి దండం పెడితే, "ఎవరప్పా మీరు?" అన్నాడు. శివప్రకాశం చిన్నబుచ్చుకుని మోటారు సైకిలెక్కి పదడుగులు వెళ్ళేసరికి వెనకనుంచి కేక వినబడింది. "ఓ శివప్రకాశమా, నువ్వా? ముందే వెనక్కి తిరిగి నిలబడి ఉంటే తెలిసి ఉండును గదా."

బడికి పిల్లల్ని తీసుకువెళ్ళే వ్యాన్లూ ఆటోలూ తెల్లవారితే ఆయన షెడ్డు ముందు వరస కడతాయి. డ్రైవర్లకు అదొక వినోదం.

"ఏమి మామా, ఈ పొద్దు పొగ రుచిగా ఉండాదా?"

"ఉప్పు తక్కువ. ప్లగ్గు తుడిచి ఎత్తకపో."

"నాది మామా?"

"నీ బండి కన్నా నువ్వే ఆకలితో ఉండావు. పంకజం, ఈయప్పకు రెండిడ్లీలు పెట్టు."

పొగ చూసి మనిషి ఆకలి ఎలా చెప్పాడో ఎవరికీ అంతుపట్టదు. ఇడ్లీలు తిన్నవాడు మాత్రం ఊరంతా తిరిగి ఆ ముక్కు మహిమ చెప్పుకునేవాడు.

ఈ వరసలోనే హేమనాథ్ అనే డ్రైవరు ఉండేవాడు. చిన్న వ్యాను, తొమ్మిది మంది పిల్లలు. అతనికి ఒకరోజు ఉన్నట్టుండి నామోషీ అనిపించింది. ప్రపంచమంతా కంప్యూటర్లతో బళ్ళు చూపించుకుంటుంటే తాను ఒక ముసలాయన ముక్కు ముందు బండి నిలపడమేమిటి? ఆ మర్నాటినుంచి షెడ్డు వైపు రావడం మానేశాడు.

మానేసిన మూడో వారంలో వ్యాను డాష్‌బోర్డు మీద ఇంజిను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. హేమనాథ్ దేవుడి మీద భారం వేశాడు. అంటే, నిజంగానే వేశాడు. చిన్న పిళ్ళయారు స్టిక్కరు కొని ఆ దీపం మీద అతికించాడు. లోపలి వెలుతురుకు వినాయకస్వామి పొట్ట బంగారంలా మెరిసిపోయింది. పిల్లలు ఎక్కగానే దండం పెట్టుకునేవాళ్ళు. "అంకుల్, మీ సామి పగలూ రేత్రీ ఎలగతా ఉండాడు" అని ఒక పాప ఇంట్లో కూడా చెప్పింది.

ఆ సంగతి హెడ్‌మిస్ట్రెస్ గోమతి చెవిన పడింది. ఆమె శుక్రవారం సాయంత్రం వ్యానులోకి తొంగి చూసి, ముందు భక్తిగా నమస్కరించి, తరవాత గోటితో స్టిక్కరు ఒలిచింది.

"ఇదేంది హేమనాథ్?"

"భక్తి, మేడమ్."

"నా బండిలోనూ ఉండాదప్పా ఈ దీపం. ఎప్పుడు ఎలగాలనో నాకూ తెలుసు. సోమవారం పొద్దునకు ఇది ఆరలేదంటే మా పిల్లోళ్ళు నీ బండి ఎక్కరు. ఏరే వ్యాను మాట్లాడుకుంటాము."

ఆ తొమ్మిది మంది పిల్లలే హేమనాథ్ ఇంటి పొయ్యి. శనివారం తెల్లవారకముందే వేలూరు వెళ్ళి, బాగాయంలో ఒక పెద్ద గ్యారేజీ ముందు నిలబడ్డాడు. అక్కడి మనిషి స్కానరు తగిలించి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. పొగను శుభ్రం చేసే కన్వర్టరు పని చేయడం లేదట. కొత్తది చెన్నై నుంచి రావాలట. పది రోజులు పడుతుందట.

"సోమవారానికి కాదా అన్నా?"

"నేనేమన్నా నా ఇంట్లో పోత పోస్తానా?"

ఆదివారం పొద్దున హేమనాథ్ తల వంచుకుని గుణశేఖరం షెడ్డుకు వచ్చాడు. మర్యాద ప్రకారం వ్యానును వెనకడుగు వేయించి, తోక ముందుగా లోపలికి తెచ్చాడు.

"ఈ తోకను చూసి నెల దాటింది" అన్నాడు గుణశేఖరం, గుడ్డ దులుపుతూ. "వేలూరు కంప్యూటరు ఏమనింది?"

"మీకెట్ల తెలుసు మామా?"

"పొగలో బాగాయం దుమ్ము ఉండాది."

ఆయన గుడ్డ పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు, పీల్చాడు. ఈసారి "ఆఁ" అనలేదు. మళ్ళీ గుడ్డ పెట్టి, తల ఒక పక్కకు వాల్చి, చాలాసేపు ఉన్నాడు.

"నీ బండ్లో పిల్లోళ్ళు ఏం చేస్తారు?"

హేమనాథ్‌కు కాస్త ప్రాణం లేచివచ్చింది. "నిద్రపోతారు మామా. ముందంతా కోతుల మాదిరి అరిచేవాళ్ళు. ఈ నడుమ ఎక్కిన పది నిమిషాలకే తలలు వాల్చేస్తా ఉండారు. అంత మెత్తగా తోలతాను. వాళ్ళ తల్లులే మెచ్చుకుంటా ఉండారు."

"నీకు?"

"నాకేముంది. బడి చేరేటప్పటికి కొంచెం తలనొప్పి. కాఫీ తాగితే పోతాది."

గుణశేఖరం లేచాడు. లేచి, నడిచి, బండి ముందు వైపుకు వచ్చాడు. ఆయన ఒక బండి ముందుకు రావడం ఆ వీధిలో అంతవరకు ఎవరూ చూడలేదు. వచ్చి, హేమనాథ్ ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఇంజిను ఆపు. దిగు. తలుపులన్నీ తెరువు."

ఆ వ్యానుకు ఇంజిను డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఇంజిను చల్లారాక గుణశేఖరం సీటు ఎత్తి, హేమనాథ్‌ను మళ్ళీ స్టార్టు చేయమని, తరవాత వెనక్కి పంపి, పొగగొట్టాన్ని గుడ్డతో గట్టిగా మూసి పట్టుకోమన్నాడు. దారి మూసుకుపోయిన పొగ వేరే దారి వెతుక్కుంది. ఇంజిను పక్కన సన్నగా బుస వినబడింది. ఆయన ఆ బుస వచ్చినచోట సబ్బు నీళ్ళు పోశాడు. గొట్టం అతుకు దగ్గర నురగ పొంగలిలా పొంగింది.

"దొరికింది. అతుకులో పెట్టే గ్యాస్కెట్టు కాలిపోయింది. నీ మెత్తటి డ్రైవింగు ఇదే. పొగ సీటు కిందినుంచి లోపలికి వస్తా ఉండాది. పిల్లోళ్ళు నిద్ర పోలేదురా నాయనా, మత్తుకు పడిపోతా ఉండారు."

హేమనాథ్ టైరు మీదికి జారి కూర్చున్నాడు. ఆ తొమ్మిది తలలూ ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం అద్దంలో చూసి తాను ఎంత మురిసిపోయేవాడో గుర్తొచ్చింది.

"మరి కన్వర్టరు అన్నారే?" అని గొణిగాడు.

"గొట్టంలో పొగను పరీక్ష చేసే సెన్సారు ఉండాది. అదీ నా మాదిరి ఒక ముక్కే. చిల్లులోనించి బయటిగాలి కూడా దూరితే దానికి తికమక. అది తికమకగా చెప్తే కంప్యూటరు కన్వర్టరు మీద నేరం ఏసింది. ముక్కు మంచిదే. విన్నోడిది తప్పు."

పదకొండింటికి కొత్త గ్యాస్కెట్టు బిగిసింది. గుణశేఖరం మురుగన్ పటం వెనకనుంచి పసుపుగుడ్డ మూట తీసి విప్పాడు. అందులో అరచేయంత స్కానరు ఉంది. దాన్ని తగిలించి దీపం ఆర్పాడు.

"మామా, మీకాడ మిషను ఉండాదా?"

"మెల్లగా మాట్లాడు. ఇది ఉండేది తెలిస్తే నా ముక్కుకు మర్యాద ఉంటాదా? పో, వేలూరు రోడ్డులో దూరంగా ఒక సుట్టు తిప్పుకొని రా."

హేమనాథ్ అద్దాలన్నీ దించుకుని వెళ్ళి, గంటసేపు తిరిగి వచ్చాడు. దీపం మళ్ళీ వెలగలేదు. తలనొప్పీ రాలేదు. సంతోషంగా దిగి షెడ్డులో లోపలి మూలకు వెళ్ళినవాడు, చటుక్కున ముక్కు మూసుకున్నాడు. పాత టైర్ల వెనక ఎక్కడో ఎలుక చచ్చిన కంపు. ఆ టైర్ల మీదే ఆకు పరుచుకుని గుణశేఖరం తీరుబడిగా పులిహోర తింటున్నాడు.

పంకజమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరం నుంచే నీళ్ళ చెంబు అందిస్తూ అంది. "మూడు దినాలుగా చెప్తా ఉండాను, ఎలుకను తీసి పారెయ్యమని. ఈయనకు తెలిస్తే గదా. ఊరంతటికీ ఆ పెద్ద జరం వచ్చిన ఏడాదే ముక్కు పోయింది. పులిహోర పెట్టినా ఒకటే, పెట్రోలు పోసినా ఒకటే."

చెంబు కింద పెట్టి ఆమె వెళ్ళిపోయింది. హేమనాథ్ నోరు తెరిచాడు. ఎలుక గుర్తొచ్చి వెంటనే మూశాడు.

"అయితే మామా, దినామూ ఆ గుడ్డ పీల్చేది?"

గుణశేఖరం వేళ్ళు నాకి తీరిగ్గా చెప్పాడు. "గుడ్డకు అంటిన మసి చూస్తాను. చేతికి తగిలే ఊపు చూస్తాను. మిగిలింది చెవి. పీల్చేది ఊరికే."

"ఊరికే ఎందుకు?"

"పిల్లోళ్ళను ఎత్తకపోయే బండ్లన్నీ దినామూ తనిఖీకి రండప్పా అంటే వస్తారా? నువ్వు ఎవడు అడిగేదానికి అంటారు. పిచ్చోడికి పొగ తాగనిదే కాఫీ దిగదంటే, నవ్వుకుంటా వస్తారు. నవ్వుకుంటానే రానీ."

హేమనాథ్ ముక్కు మీది చేయి తీసేసి, ఆ కంపులోనే ఆయన పక్కన కూర్చున్నాడు.

"నాయనా, నాకొక ఉపకారం చెయ్యి."

"చెప్పండి మామా. ఏమైనా చేస్తాను."

"సురేంద్రన్ కొత్తగా వ్యాను కొన్నాడు. పదకొండు మంది పిల్లోళ్ళు. ఒకనాడన్నా ఈ పక్కకు రాలేదు. రేపు పొద్దున తోడుకొని రా."

"రానంటే?"

గుణశేఖరం ఆకు మడిచాడు. "బండి పొగ చూసి రాత్రి నీ ఇంట్లో ఏం వండినారో మామ చెప్తాడంట, పందెం కాస్తావా అని అడుగు. పరిగెత్తి వస్తాడు."

"వస్తే ఎట్ల చెప్తారు మామా?"

"అదే నాయనా, ఉపకారం అన్నది. రాత్రికి వాళ్ళింటి పక్క అట్ల పోయి, ఏం వండినారో కనుక్కొని వచ్చి నా చెవిలో చెప్పు."