పందెంలో ఒడ్డిన నల్లపెట్ట

మావాళ్ళు కోళ్ళ మీద పందేలు కాస్తారు. నేను కోడినే పందెం కాశాను. అదీ నాది కాని కోడిని, నా చేతిలో లేని ఆకాశం మీద. ఇంత తెలివితక్కువ పని మా వంశంలో ఇంకెవరైనా చేశారేమోనని చాలాకాలం ఆరా తీశాను. ఎవరూ దొరకలేదు.

అప్పట్లో నేను బిలాస్‌పూర్ లోకో షెడ్డులో గుమాస్తాని. పక్క క్వార్టరు మా బావది. నా భార్యకి అన్నగారు, గూడ్సు గార్డు. మా అత్తగారు పోయాక, విజయనగరం దగ్గర ఊళ్ళో ఆవిడ పెంచిన కోళ్ళని బావ సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కటే కూర వండించుకుని ముగించాడు. మిగిలిన ఒక్క నల్లపెట్టని నా భార్య బుట్టలో పెట్టుకుని రైల్లో తెచ్చుకుంది. తల్లి కోళ్ళ జాతి తన పెరట్లో నిలవాలని ఆవిడ ఆశ. పెట్టకి వయసైపోయింది. మరోసారి పొదుగుతుందన్న నమ్మకం లేదు. ఆ ఎండాకాలం మొదట్లో నా భార్య దాని కింద పదకొండు గుడ్లు పెట్టి పొదగేసింది. ఉరుముకి గుడ్లు మురిగిపోకుండా బుట్టలో ఒక బొగ్గుముక్కా, ఒక ఇనపమేకూ వేసింది.

ఆ సాయంత్రం బావ వచ్చి బుట్టలోకి తొంగి చూశాడు.

“ఇక్కడి ఉరుములకి ఈ మేకేటి ఆగుతాది బావా? పిల్లలు లెగవు. ముసిల్ది మరీ ముదిరిపోకముందే కూరొండీసుకుందాం.”

“లెగుస్తాయి,” అన్నాను.

“లెగకపోతే?”

“లెగకపోతే పెట్ట నీ కంచంలోకే.”

లెగిస్తే తనేం ఇస్తాడో అడగాలన్న సంగతి నాకు మర్నాడు షెడ్డులో తట్టింది. అప్పుడు మాత్రం లోపల గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. నా భార్య గుమ్మంలోకి వచ్చింది.

“మా అమ్మ కోడి మీకంత అలుసైపోనాదేటి?” అంది. ఆనాటినుంచి నాతో మాటలు మానేసింది.

ఇక చూడండి నా అవస్థ. పెట్ట గుడ్ల మీద కూర్చుంటే, నేను గుడ్లప్పగించి ఆకాశం చూస్తూ నిలబడ్డాను. షెడ్డు పొగ కూడా మబ్బులాగే కనిపించేది. మధ్యాహ్నం గాలి ఆగిపోతే భయం, వీస్తే భయం. ఒక కాగితం మీద తేదీకి బదులు ‘పొదిగిన ఏడో రోజు’ అని రాసి పెద్ద గుమాస్తా చేత చీవాట్లు తిన్నాను.

ఊరికే భయపడ్డానా, ఏర్పాట్లు కూడా చేశాను. తోర్వా బజారుకి వెళ్ళి గూటికి గడ్డి కొనితెచ్చాను. కోళ్ళగూటి పైరేకు ఎగిరిపోకుండా దానికి నాలుగు పాత రైలు పట్టాముక్కలు తీగతో వేలాడగట్టాను. వాననీరు బయటికి పోవడానికి పెరట్లో కాలవ తవ్వాను. ఇంటి మేకు చిన్నదనిపించి, షెడ్డు వెనక తుప్పు పట్టి పడున్న పట్టామేకు తెచ్చి బుట్టలో వేశాను. ఉరుము రాకుండానే ఒక గుడ్డు పగిలింది.

అంతటితో ఆగలేదు. మబ్బు పట్టగానే బుట్ట ఎత్తి మంచం కిందికి తెచ్చేవాణ్ణి. తెరిపి ఇవ్వగానే మళ్ళీ గూట్లోకి. ఒకరోజు పెట్టకి విసుగొచ్చి లేచి గోడెక్కి కూర్చుంది. అరగంట బతిమాలితే గానీ దిగలేదు.

నా భార్య మౌనం అప్పుడే వీడింది. “గాలివాన ఒక్కసారే ఒస్తాది. మీరు రోజుకి నాలుగుసార్లొస్తన్నారు.”

రోజూ డ్యూటీకి పోతూ బావ గుమ్మం దగ్గర ఆగేవాడు. “మసాలా నూరీసినారేటి?” అని అడిగేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఎంత నీరసంగా ఉండేదో నాకు తెలుసు.

పద్దెనిమిదో రోజు మూడు గంటలకి పడమట ఆకాశం ఇటికపొడి రంగుకి తిరిగింది. నేను షెడ్డులో ఉన్నాను. సెలవు అడిగానో లేదో గుర్తు లేదు. దారిలోనే గాలిదుమారం అందుకుంది, దాని వెనకే వడగళ్ళు. సంచీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను.

పెరట్లో నా పట్టాముక్కలు చెక్కుచెదరలేదు. రేకు మాత్రం లేదు. కాలవ బాగానే పనిచేస్తోంది, కాకపోతే వాలు ఇంటివైపుకి తవ్వినట్టున్నాను. గదిలో చీలమండల దాకా నీళ్ళు.

మంచం మీద బావ ఉన్నాడు. రాత్రి బండి దిగి పగలు పడుకున్నవాణ్ణి చెల్లెలు లేపి తెచ్చింది. ఒళ్ళో బుట్ట, బుట్టలో పెట్ట. కప్పు పెంకులు పగిలి కారుతుంటే నా భార్య వాళ్ళిద్దరికీ గొడుగు పట్టింది.

“కదిలినావంటే ఊరుకోను అన్నయ్యా.”

“నేనేటి కదిల్నాను? ఇదే పొడస్తంది,” అన్నాడు బావ. నన్ను చూసి, “బావా, నువ్వు తవ్వింది కాలవ కాదు, రేవు. పడవొకటే తక్కువ,” అన్నాడు.

ఉరుము ఉరిమినప్పుడల్లా నేను బుట్ట వైపు చూశాను. నా భార్య నా వైపు చూసింది. నేను మళ్ళీ నీళ్ళ వైపు చూశాను. గంటసేపు అలాగే గడిచింది.

మూడో రోజు ఉదయం బుట్టలో కిచకిచ వినబడింది. నా భార్య వేళ్ళతో తడిమి ఏడు లెక్కపెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని, పెట్ట ముందు గుప్పెడు నూకలు పోసింది. నేను మూడు వారాల తర్వాత ఆ రాత్రి నిద్రపోయాను.

కానీ బావ ఊరుకుంటాడా? “మా బావ ఇంట్లోకి వరద తెచ్చీసినాడు, నేను పిల్లల్ని పొదిగీసినాను,” అని క్వార్టర్లన్నీ తిరిగి చెప్పాడు. షెడ్డులో ఫైర్‌మన్లు సైతం నన్నాపి బావ పిల్లలు కులాసాయేనా అని అడిగేవారు.

నేను కొత్త గూడు కట్టాను. ఈసారి శాస్త్రీయంగా. గాలివాన పడమటినుంచి వస్తుంది కాబట్టి గూడు తూర్పున, మంచి గోడ చాటున ఉండాలి. అటువంటి గోడ ఒక్కటే ఉంది, బావ పడకగదిది, సరిగ్గా కిటికీ కింద. నా భార్య కూడా ఒప్పుకుంది.

ఏడు పిల్లల్లో అయిదు పుంజులని వానాకాలం చివరికి తేలింది. అవి కూత నేర్చుకోవడం మొదలుపెట్టాయి, ఒకదాని తర్వాత ఒకటి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం బావ ఎర్రటి కళ్ళతో కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“నీకు ఈ గోడే దొరికిందేటి బావా?”

“గాలి ఇటు తగల్దు బావా,” అన్నాను. “నువ్వు పడుకో.”