కోల్డ్ రూముల చుట్టూ జైపాల్

తుర్కపల్లిలో ల్యాబులు ఒక్కొక్కటీ లేస్తున్న రోజుల్లో జైపాల్ అక్కడ పనికి చేరాడు. అప్పటికి కంపెనీ క్యాబులు లేవు. శామీర్‌పేట నుంచి సైకిలు మీద, ద్రాక్షతోటల పక్కగా వెళ్లేవాడు. పని పేరుకు ఆపరేటర్, నిజానికి రోజంతా నడకే. టీకామందులు దాచే కోల్డ్ రూములు ఇరవై నాలుగు. అరగంటకోసారి ప్రతి గది ముందూ ఆగి, మీటరు చూసి, ఎంత చల్లగా ఉందో రిజిస్టరులో ఎక్కించాలి.

తోడుగా నారాయణ ఉండేవాడు. జైపాల్ కంటే పదేళ్లు పెద్ద. అతను అంకె చదివితే జైపాల్ రాసేవాడు. తలుపు బిగుసుకుపోయే పదకొండో గదికి నారాయణ ‘మేనత్త’ అని పేరు పెట్టాడు. ఎంత బతిమాలినా తెరుచుకోదని.

తర్వాత రిజిస్టర్లు పోయాయి. మీటర్లే తమ రీడింగులను సెకనుకోసారి కంప్యూటరుకు పంపడం మొదలైంది. వాటిని ఒక ప్రోగ్రాం పోగుచేసి ఒక సెర్చ్ సర్వరుకు పంపుతుంది. ఏ గది ఏ గంటకు ఎలా ఉందో అడిగితే అది వెతికి చూపిస్తుంది. నారాయణ రిటైరై, కరోనా రెండో ఏడు పోయాడు. నలభై దాటాక కంప్యూటరు నేర్చుకున్న జైపాల్ స్క్రీన్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు.

కిందటి మే నెలలో ఒక మధ్యాహ్నం గాలిదుమారానికి నెట్‌వర్క్ తెగిపోయింది. జనరేటర్లు నడిచాయి కాబట్టి గదులు చల్లగానే ఉన్నాయి. రెండు గంటల తర్వాత లైను కలవగానే, మీటర్లన్నీ ఆపుకున్న రీడింగులను ఒక్కసారిగా వదిలాయి. సర్వరు అన్నీ తీసుకోలేక కొన్నింటిని తిప్పికొట్టింది. పంపే ప్రోగ్రాం ఒక్క క్షణం ఆగకుండా వాటినే మళ్లీ మళ్లీ పంపింది. దాంతో భారం ఇంకా పెరిగింది. చివరికి ప్రోగ్రాంకు దాచుకునే చోటు చాలక, పాత రీడింగులను పారేయడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద గీత ఉండాల్సిన చోట రెండు గంటల ఖాళీ కనిపించింది. రికార్డులో ఖాళీ ఉంటే ఆ సరుకు గేటు దాటడానికి వీల్లేదు.

ఆ ప్రోగ్రాం రాసింది సహస్ర. భీమవరం నుంచి వచ్చి నాగారంలో స్థిరపడిన ఇంటి పిల్ల, చేరి రెండేళ్లయింది. ముందు ప్రోగ్రాంను ఆపేసింది. ఆపాక జైపాల్ కుర్చీ దగ్గరికి వచ్చింది.

“జైపాల్ గారూ, రెండు గంటల రీడింగులు పోయాయండీ. తప్పు నాదే.”

“పరేషాన్ గాకు బిడ్డా. పోయింది సర్వర్ల. మీటర్ల ఇంక ఉంటయి. మూడు దినాలయి లోపల్నే దాస్తది అది. పెన్‌డ్రైవ్ పట్టుకో, పోదాం పా.”

ఇద్దరూ ఒక్కో గది ముందూ ఆగి, ఒక్కో మీటరు నుంచీ రీడింగులు తీసుకుంటూ వెళ్లారు. జైపాల్ అలా తిరిగి తొమ్మిదేళ్లయింది. అయినా ఎక్కడ మలుపు తిరగాలో కాళ్లకు తెలుసు. పదకొండో గది దగ్గర ఆగిపోయాడు. తలుపు కొత్తది. ఒక్క వేలితో తోస్తే తెరుచుకుంది.

“ఏమైందండీ?”

“ఏం లేదు. నారాయణన్న ఉండె. గీడికి రాంగనే తలుపును తిట్టెటోడు. ఆయన గొంతు మస్తు యాదికొస్తాంది.”

సహస్ర చలికి చేతులు ముడుచుకుని, అతను కళ్లు తుడుచుకునేదాకా పక్కనే నిలబడింది.

తిరిగొచ్చాక జైపాల్ ఆమె పక్కన కుర్చీ లాక్కున్నాడు. “ఒక్క మాట అడుగుత. మేం అరగంటకోపారి రాసెటోళ్లం. నడుమల అంకె మారితెనే మళ్ల రాసెటోళ్లం. గిదేంది, మారకున్నా సెకనుకోపారి అదే పంపుతాంది?”

సహస్ర స్క్రీన్ మీద ఒక గది రీడింగులను కిందికి జరిపి చూసింది. “నిజమేనండీ. ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.”

రికార్డులు తనిఖీ చేసే క్వాలిటీ వాళ్లను పిలిచి ఒప్పించారు. అంకె మారితే వెంటనే, మారకపోతే నిమిషానికోసారి. పేరుకుపోయినవైతే ఒక్కొక్కటి కాకుండా ఐదు వందలు కలిపి ఒక కట్ట. సర్వరు వద్దంటే ఒక సెకను, తర్వాత రెండు, తర్వాత నాలుగు ఆగి, తిప్పికొట్టినవి మాత్రమే మళ్లీ పంపాలి. అందాకా అవి డిస్కులో భద్రంగా ఉండాలి. మర్నాడు సాయంత్రానికి సహస్ర దాన్ని సిద్ధం చేసి, పెన్‌డ్రైవులో తెచ్చిన రీడింగులను ఆ పద్ధతిలోనే పంపింది. సర్వరు రెండుసార్లు వద్దంది. ప్రోగ్రాం ఆగింది, మళ్లీ పంపింది. నలభై నిమిషాల్లో ఖాళీ పూడి, గీత కలిసింది.

“అయిపోయిందండీ!” అని సహస్ర కుర్చీలోంచి లేచింది.

జులైలో లైను మళ్లీ తెగింది. కలిశాక రీడింగులు కాస్త ఆలస్యంగానైనా అన్నీ వచ్చాయి.

మొన్న కొత్త భవనంలో మీటర్లు బిగించేటప్పుడు సహస్ర జైపాల్‌నే రమ్మంది. అతను పొద్దంతా నిలబడి, “ఫ్యాను కింద వద్దు, గాలి తగిలి అంకె తప్పు చూపుతది, ఆ మూలకు బెట్టుండ్రి,” అంటూ ఒక్కొక్కటీ చూసి మరీ పెట్టించాడు.