కంటికొలత

బడి యూనిఫారాలు కుట్టే టైలరు మాస్టారి మెడలో టేపు స్నానానికి తప్ప దిగదు. వీధి పిల్లల నడుములన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఎవరి నడుమైనా ఏడాదిలో మూడంగుళాలు పెరిగితే, "అమ్మా, పిల్లాణ్ణి డాక్టరుకి చూపించండి" అని కుట్టుకూలితో పాటు సలహా కూడా ఇస్తాడు. ఒక్క తన కూతురిని మాత్రం టేపుతో కొలవడు. కన్నతండ్రికి కంటికొలత చాలట. ఆ పిల్ల కడుపులో ఉన్నప్పుడు భార్యకి షుగరొచ్చింది. పిల్లనీ ఏటా చూపిస్తూ ఉండమని కాన్పు చేసిన డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని, "కాన్పుతోనే పోయిందిగా!" అని తీర్మానించి, కాలరు నమూనాగా కత్తిరించుకున్నాడు. పదేళ్లుగా పిల్ల గౌన్ల కుట్లు విప్పి వదులు చేస్తూ, బొద్దుగా ఉందని మురిసిపోతున్నాడు.

మొన్న పిల్లకి కడుపునొప్పని స్కాను తీయిస్తే కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. "కడుపుతో ఉన్నప్పుడు మీకు షుగరుండేదా అమ్మా?" అని పిల్లల డాక్టరు అడిగాడు. ఆవిడ మొగుడి వైపు చూసింది. మొగుడు గుమ్మడికాయల దొంగలా భుజం మీది టేపు సవరించుకున్నాడు. డాక్టరు సొరుగులోంచి తన టేపు తీసి పిల్ల నడుముకి చుట్టాడు. మాస్టారు ముందుకు వంగి ఆ టేపు వంక చూశాడు.

"కాస్త వదులుగా పట్టుకోండి డాక్టరుగారూ, ఎదిగే పిల్ల."