చేపలు పైకి తేలిన రోజు

తెలంగాణ రాకముందు సంగతి. గోదావరిఖనిలో మేముండే క్వార్టర్ల కింద పాత గని ఉందని అందరూ అనుకునేవారు. ఒకరోజు పొద్దున మా ఆయన బొగ్గుగనిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి, చేపల తొట్టి ముందు ఆగిపోయారు. చేపలన్నీ పైకొచ్చి, నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

"పొయ్యి బంద్ చెయ్. కింద గనిలకెల్లి గ్యాస్ వస్తున్నట్టున్నది. పిల్లను తీస్కొని బయటికి నడు" అన్నారు. ఆయన గొంతు వణుకుతోంది. గనిలో గాలి చెడితే ముందు చిన్న ప్రాణాలే పోతాయని విన్నాను. పొయ్యి ఆర్పేశాను. పాపను ఎత్తుకుని పరుగెత్తాను. ఆయన పక్క క్వార్టర్ల తలుపులు కూడా బాదారు.

అందరం రోడ్డు మీద నిలబడ్డాక మా అత్త అంది: "గ్యాస్ ఏంది కొడుకా? నీళ్లు గలీజైనయని పొద్దుగాల పారబోసి, నల్లా నీళ్లు నింపిన."

ఆయన లోపలికెళ్లి వాసన చూశారు. తొట్టిలో నల్లా నీళ్లలో కలిపే బ్లీచింగ్ ఘాటు. చేపలను ముందురోజు పట్టిన, ఘాటు పోయిన బిందె నీళ్లలో వేస్తే కాసేపటికి తేరుకున్నాయి.

కాలనీ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటికొస్తే "డ్యూటీ మంచిగనే అయింది" అని తప్ప మరో మాట చెప్పని మనిషి, రోజూ ఏ భయాన్ని మోసుకుని కిందికి దిగుతున్నారో ఆ రోజే చూశాను.

– స్వరూప, గోదావరిఖని