బావ పడవకు రెండు ఇరుసులు

రేవులో అంతమంది ముందు బావ అన్నది ఒక్క మాటే. "మా బావమరిది అతుకు. ఇంకేం ఆగుతుంది?"

పడవను మోసుకెళ్లే ట్రైలరు రోడ్డు మలుపులో కూలబడి, పడవ కాలవలో పడిన రోజు సంగతి అది. జనం పగలబడి నవ్వారు. ఆ ట్రైలరు కట్టిన బావమరిది, ఊళ్లో వెల్డరు, తల తిప్పుకుని పక్కకు తప్పుకున్నాడు. బావ పక్కన అక్క నిలబడి ఉంది మరి. ఆ రోజు నుంచి అతను అందరికీ అతుకులాయన అయిపోయాడు.

విరిగింది అతుకు కాదు. ఊడిన చక్రాన్ని షెడ్డుకు తెచ్చి విప్పితే, లోపల బేరింగు మాడి ముద్దయి ఉంది. గ్రీజు పాలలా తెల్లబడింది. దూరం నుంచి లాక్కొచ్చిన ట్రైలరును అలాగే ఉప్పునీళ్లలోకి తోస్తే, చక్రం మధ్యలో వేడెక్కిన హబ్బు నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. అందుకే రేవులో ఎవరైనా హబ్బు మీద చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే దింపుతారు. బావకు అంత ఓపిక ఎక్కడిది? వెనకవాడు హారను కొట్టేలోపే దింపేసేవాడు.

ఆ బేరింగును వెల్డరు కిటికీలో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపించలేదు, పారేయనూ లేదు. తింటూ తింటూ లేచి వెళ్లి దాన్ని చేత్తో తిప్పి చూసేవాడు. అది తిరిగేది కాదు. అతనికి తిన్నది ఒంటబట్టేది కాదు.

మళ్లీ బావే వచ్చాడు, అక్కను వెంటబెట్టుకుని. ఈసారి ఇంకా పెద్ద పడవ కొన్నాడట.

"రబ్బరు ఇరుసు వెయ్యరా. మెత్తగా పోతుందట, చప్పుడే ఉండదట," అన్నాడు వ్యాన్ దిగకుండానే.

"ఆ రబ్బరు ఇనప గొట్టం లోపల దాక్కుని ఉంటుంది బావా. ఉప్పునీళ్లకు లోపల కుళ్లినా పైకి నిగనిగలాడుతుంది. ఇరుసు మీద బయటికే ఉండే ఇనప కమాను పట్టీలైతే తుప్పు కంటికి కనబడుతుంది, మార్చుకుంటే సరి. ఇరుసులు కూడా రెండు వేస్తా. ఒక చక్రం పోయినా రెండోది మోస్తుంది."

"రెండా! ట్రైలరు కడతావా, రైలు కడతావా?"

"వాణ్ణి కట్టనివ్వండి," అంది అక్క. "మీ పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, అద్దంలో వెనక్కి చూసుకుంటూ కూర్చునేది నేను."

వెల్డరు షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు రెండుమూడుసార్లు నడిచాడు. కట్టనంటే అక్క అదే రోడ్డు మీద ఇంకెవడి ఇరుసునో నమ్ముకుని పోతుంది. కడితే, రేపు ఏం జరిగినా మళ్లీ అతుకులాయన నెత్తినే.

"కడతా. మొదటిసారి దింపేటప్పుడు నేనూ వస్తా. అందరి ముందూ నువ్వు హబ్బు మీద చెయ్యి పెట్టి, చల్లారేదాకా ఆగాలి."

బావ మొహం మాడిపోయింది. "అప్పుడు తప్పు నాదేనని చాటింపు వెయ్యమంటావా?"

"నేనేం అనలేదు. చెయ్యి పెట్టమన్నాను, అంతే."

బావ అక్క వైపు చూశాడు. అక్క కిటికీలోని బేరింగు వైపు చూస్తోంది.

బావా, వెల్డరూ ఆఖరిసారి కలిసింది ఆ రేవులోనే, కొత్త ట్రైలరును మొదటిసారి దింపిన రోజున. పడవలు దింపేవాళ్ల వరస పొడుగ్గా ఉంది. బావ దిగి, హబ్బును వేళ్ల కొసలతో తాకి చటుక్కున తీసేశాడు.

"మా బావమరిది చాదస్తం," అని వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఏమయ్యా, ఇన్నాళ్లకు నేర్చుకున్నావన్నమాట!" అని వరసలోంచి ఎవరో అరిచారు.

బావ చెవులు ఎర్రబడ్డాయి. వ్యాన్ ఎక్కబోయాడు. వెల్డరు అతని మణికట్టు పట్టుకుని, అరచేతిని మళ్లీ ఆ ఇనుము మీద ఆనించాడు.

"తియ్యకు బావా. ఇంకా వేడిగానే ఉంది. అందరినీ చూడనీ."